కాలేజీ ఫుట్‌బాల్ గేమ్‌లో ఏ టీమ్‌కి కోచ్ అవ్వాలి? ఈ ఫాల్‌కి అమెరికా వచ్చినవాళ్ల కోసం

ఆగస్టులో దిగి, బ్యాంక్ అకౌంటూ ఫోన్ ప్లానూ అయ్యాక, రెండో వారంలోనో మూడో వారంలోనో మీరుండే ఇంట్లో ఎవరో ఒకరు మీ చేతిలో వీడియో గేమ్ కంట్రోలర్ పెట్టి "నీ టీమ్ ఏది?" అని అడుగుతారు. చాలామంది లిస్టులో తెలిసిన పెద్ద పేరేదో చూసి నొక్కేస్తారు, నేనూ అదే చేశాను. అలా చేయకండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. సరైన టీమ్ తీసుకుంటే కాలేజీ మ్యాచ్‌లు జరిగే ఇక్కడి శనివారాలు మీకు అర్థమవడం మొదలవుతుంది, సోమవారం ల్యాబ్‌లో పక్క సీట్లో కూర్చునే అమెరికన్ అబ్బాయితో మాట్లాడడానికి వాతావరణం కాకుండా ఇంకో విషయం దొరుకుతుంది. మొదటి సెమ్‌లో అది చిన్న విషయం కాదు.

గేమ్ అంటే ఈఏ స్పోర్ట్స్ కాలేజ్ ఫుట్‌బాల్ అనే వీడియో గేమ్. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. 2013లో వచ్చిన ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14 తర్వాత ఈ సిరీస్ ఆగిపోయింది, ఎందుకంటే కుర్రాళ్ల రూపురేఖలు వాడుకుని వాళ్లకి పైసా ఇవ్వడం లేదని కోర్టు కేసులు పడ్డాయి. మళ్లీ 2024 జులైలో 25 అనే నంబరుతో వచ్చింది, ఈసారి ఒప్పుకున్న ఆటగాళ్లకి డబ్బిచ్చి అసలు పేర్లతోనే పెట్టారు. 2025 జులైలో 26 వచ్చింది. ఈ రెండూ పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్ల మీదే ఆడాలి, మీరు తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో రావు. విడుదలైనప్పుడు గేమ్ ధర 70 డాలర్లు, కన్సోల్ ఖర్చు వేరే. అపార్ట్‌మెంట్ డిపాజిట్ కట్టిన నెలలో ఇవి కొనకండి, ఇంట్లో ఎవరిదో ఒకరిది ఉంటుంది, దాని మీదే నేర్చుకోండి.

ఆట తెలియదని భయపడక్కర్లేదు. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు వెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ఇస్తారు, వెళ్లకపోతే బంతి అవతలివాళ్లకి. అవతలి చివరికి చేరిస్తే 6 పాయింట్లు, కాలితో గోల్ కొడితే 3. ఓవర్లో ఎన్ని బంతులు మిగిలాయి, ఎన్ని పరుగులు కావాలి అని లెక్కేసుకుంటూ పెరిగినవాళ్లకి ఇది రెండు గేముల్లో వచ్చేస్తుంది.

ఇక టీమ్ సంగతి. 26లో 136 టీమ్‌లున్నాయి. డైనస్టీ అనే మోడ్‌లో మీరు ఒక కాలేజీకి కోచ్ అవుతారు, 30 సీజన్ల దాకా నడపొచ్చు, మ్యాచ్‌లే కాకుండా హైస్కూల్ కుర్రాళ్లని ఒప్పించి తెచ్చుకోవడం, వెళ్లిపోతామనేవాళ్లని ఆపుకోవడం, మీ ఉద్యోగం కాపాడుకోవడం అన్నీ మీ పనే. నేను మొదట ఐదు స్టార్ల టీమ్, అంటే అన్నిటికంటే పెద్ద రకం, తీసుకున్నాను. కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చారు, నేనేం చేసినా గెలిచాం, రెండు సీజన్లయ్యాక చూసుకుంటే నాకు రిక్రూటింగ్ స్క్రీన్‌లో సగం బటన్లు ఎందుకున్నాయో కూడా తెలియదు. పౌరుషానికి పోయి తర్వాత అట్టడుగున ఉన్న ఒక టీమ్ తీసుకున్నాను, వరసగా ఓడిపోయాం, ఉద్యోగం ఊడింది. మిడ్‌టర్మ్స్ వారంలో రోజూ రాత్రి ఓడిపోవడం అసలు మంచిది కాదు, గేమ్ అయినా మనసు మీద పడుతుంది.

అందుకని నేను చెప్పేది ఒకటే. మీరు ఇక్కడికి రావడానికి యూనివర్సిటీల షార్ట్‌లిస్ట్ ఎలా వేసుకున్నారో టీమ్ కూడా అలాగే చూడండి. యాంబిషియస్, మోడరేట్, సేఫ్ అని మూడు గంపలు వేసుకున్నాం కదా, కోచ్‌గా మొదటి టీమ్ మోడరేట్‌లోంచి రావాలి. గేమ్‌లో ప్రతి కాలేజీకీ స్టార్లుంటాయి, రెండున్నర నుంచి మూడున్నర మధ్యవి చూడండి. వాటిలో మీ సొంత కాలేజీ ఉంటే ఇక ఆలోచించొద్దు, అదే తీసుకోండి. స్టార్లు ఒకటి అటూ ఇటూ అయినా సరే, సొంత కాలేజీకే నా ఓటు. క్యాంపస్‌లో రోజూ చూసే రంగులు, బస్సులో వెళ్తూ చూసే స్టేడియం స్క్రీన్ మీద కనిపిస్తే కలిగే సంతోషం వేరు.

కానీ మనవాళ్లు ఎక్కువగా చేరే కాలేజీలు కొన్నింటికి ఈ గేమ్‌లో చోటు లేదు, అది ముందే తెలుసుకోండి. యూటీ డాలస్‌కి ఫుట్‌బాల్ టీమే లేదు. యూటీ ఆర్లింగ్టన్ 1985 సీజన్‌తో ఆపేసింది, బాస్టన్‌లో నార్త్‌ఈస్టర్న్ 2009తో ఆపేసింది. యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీకి టీమ్ ఉంది గానీ డివిజన్ 2లో ఆడుతుంది, గేమ్‌లో ఉన్నవి పై స్థాయి కాలేజీలే. అలాంటప్పుడు ఊరిని బట్టి వెళ్లండి. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి రట్‌గర్స్ ఉంది, 1869లో ప్రిన్‌స్టన్‌తో ఆడిన మొట్టమొదటి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ వాళ్లదే. సెంట్రల్ మిస్సోరీ ఉన్న వారెన్స్‌బర్గ్‌వాళ్లు మిస్సోరీ, ఓర్లాండోవాళ్లు యూసీఎఫ్ (యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ ఫ్లోరిడా), సిన్సినాటీవాళ్లు సిన్సినాటీ.

డాలస్ వైపు ఉన్నవాళ్లకి రెండు మంచి దారులున్నాయి. ఒకటి ఎస్ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ), నగరంలోనే. ఆటగాళ్లకి దొంగచాటుగా డబ్బులిచ్చారని 1987 సీజన్ మొత్తం రద్దు చేశారు వాళ్లది, కాలేజీ ఫుట్‌బాల్‌లో అంత పెద్ద శిక్ష పడిన టీమ్ ఇంకోటి లేదు. కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది, 2024లో ఏసీసీ అనే పెద్ద కాన్ఫరెన్స్‌లో (తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు) చేరి ఆ ఏడే జాతీయ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కి వెళ్లారు. రెండోది డెంటన్‌లో నార్త్ టెక్సస్, అక్కడ మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉంటారో చెప్పక్కర్లేదు. నాకు నార్త్ టెక్సస్సే ఎక్కువ ఇష్టం. టీమ్ చిన్నదే, కానీ టెక్సస్‌లో ఉంది, ఇక్కడ ప్రతి ఊళ్లో హైస్కూల్ ఫుట్‌బాల్ ఉంటుంది, మంచి కుర్రాళ్లు ఇంటి చుట్టూనే దొరుకుతారు. గేమ్‌లో కుర్రాడు కాలేజీని ఎంచుకునేటప్పుడు చూసేవాటిలో ఇల్లు ఎంత దగ్గర అన్నది కూడా ఒకటి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ప్రతి కుర్రాడికీ ముఖ్యమైనవి మూడుంటాయి, ఒకడికి చదువు పేరు, ఒకడికి వెంటనే ఆడే అవకాశం, ఒకడికి స్టేడియం సందడి, ఇంకొకడికి టీవీలో కనిపించడం. మీ కాలేజీకి వీటన్నిటిలో గ్రేడ్లుంటాయి. టీమ్ తీసుకునే ముందు ఆ గ్రేడ్ల పేజీ ఐదు నిమిషాలు కూర్చుని చదవండి. అన్నీ బి, సి ఉన్న టీమ్ కంటే రెండు మూడింట్లో 'ఏ' గ్రేడ్ ఉండి మిగతావి తక్కువున్న టీమ్ నయం, ఎందుకంటే ఆ రెండు మూడూ కోరుకునే కుర్రాళ్లనే వెతికి పట్టుకోవచ్చు. మీ లిస్టులో ఒకేసారి 35 మంది దాకా పెట్టుకోవచ్చు, వారానికి ఇన్ని గంటలే అని సమయం ఉంటుంది, దాన్ని అందరికీ పంచితే ఎవరూ రారు. ఐదు స్టార్ల కుర్రాడి వెంట పడి గంటలన్నీ వాడి మీదే పోస్తే డిసెంబర్‌లో వాడు అలబామా లాంటి పెద్ద టీమ్‌కి వెళ్లిపోతాడు. ఒకరిద్దరు యాంబిషియస్, మిగతావాళ్లంతా మీకు వచ్చేవాళ్లు. అడ్మిట్ల కోసం మనం చేసిన పనే, ఈసారి బల్లకి అటువైపు కూర్చుని చేస్తున్నాం.

కాన్ఫరెన్స్ కూడా చూడండి. ఎస్ఈసీ, బిగ్ టెన్ లాంటి పెద్ద కాన్ఫరెన్స్‌లో చిన్న టీమ్ తీసుకుంటే ప్రతి వారం ఏనుగుతో తలపడడమే. (బిగ్ టెన్‌లో 18 టీమ్‌లున్నాయి, పేరు చూసి కంగారు పడకండి.) మౌంటెన్ వెస్ట్, అమెరికన్, మ్యాక్ లాంటి చిన్న కాన్ఫరెన్స్‌లో ఛాంపియన్ అయితే 12 టీమ్‌ల ప్లేఆఫ్‌కి దారి ఉంది, 2024లో బాయిజీ స్టేట్ అలాగే వెళ్లింది. అదే ఏడు మ్యాక్‌లో ఉన్న నార్తర్న్ ఇల్లినాయి, నోటర్‌డామ్‌ని వాళ్ల సొంత గ్రౌండ్‌లో 16-14తో ఓడించింది, ఆ నోటర్‌డామ్ తర్వాత ఫైనల్ దాకా వెళ్లింది. నార్తర్న్ ఇల్లినాయి ఉన్న డికాల్బ్‌లో చదివేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు, క్యాంపస్‌లో ఎవరితోనైనా అరగంట మాట్లాడొచ్చు. టెంపీలో ఉన్నవాళ్లకైతే ఆరిజోనా స్టేట్. 2024లో బిగ్ 12లో ఆఖరి స్థానం అని అందరూ రాసేశారు, వాళ్లు కాన్ఫరెన్సే గెలిచారు.

టీమ్ తేలాక హెడ్ కోచ్ కుర్చీలో వెంటనే కూర్చోకండి. అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా, అంటే దాడి వరకే చూసుకునే సహాయ కోచ్‌గా మొదలుపెట్టండి, మీ మీద అంచనాలు తక్కువ, టెన్షన్ తక్కువ, బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఏం చేయాలో ఒక్కటే నేర్చుకుంటారు. కోచ్ రకం అడిగితే రిక్రూటర్ పెట్టండి. కష్టం స్థాయి ముందు ఫ్రెష్‌మన్ అని పెట్టి ఒక నాలుగు మ్యాచ్‌లు ఆడి వర్సిటీకి మారండి, ఆల్ అమెరికన్, హైస్మన్ స్థాయిలు వచ్చే సెమ్‌కి చూసుకోవచ్చు. ఆఖరి ఏడు చదివే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) ఉన్న టీమ్ మొదటి ఏడాది సుఖంగా ఉంటుంది గానీ రెండో ఏడాదికి ఖాళీ అయిపోతుంది, రెండో ఏడు చదివే కుర్రాడుంటే ఇంకా మంచిది.

రూమ్మేట్స్ అందరూ కలిసి ఒకే ఆన్‌లైన్ డైనస్టీలో చేరొచ్చు, 32 మంది దాకా పడతారు. తలా ఒక టీమ్ తీసుకోండి, కొత్తగా వచ్చినవాళ్లకి ముందు ఎంచుకునే అవకాశం ఇవ్వండి. అందరూ ఆడాకే గేమ్‌లో వారం ముందుకు జరపాలని మొదటి రోజే ఒప్పందం చేసుకోండి, మా ఇంట్లో దాని మీదే పెద్ద గొడవైంది. థాంక్స్‌గివింగ్ అయ్యాక ఫైనల్ ఎగ్జామ్స్ పూర్తయ్యేదాకా డైనస్టీ ఆపేయండి, టీమ్ ఎక్కడికీ పోదు. ఇంకా ముందు, సెప్టెంబర్‌లో మీ కాలేజీ సొంత గ్రౌండ్‌లో ఆడే మొదటి మ్యాచ్‌కి స్టూడెంట్ టికెట్ ఎలా ఇస్తారో కనుక్కోండి, కొన్నిచోట్ల మీరు కట్టిన ఫీజులోనే ఉంటుంది.