తోటలోని పాత ఇటుక మిద్దె ఎప్పటిదో, ఎవరిదో కనుక్కోవడం ఎట్లా?

మైదుకూరు పక్క కుందూ ఒడ్డున మా తోటలో ఒక ఇటుక మిద్దె ఉంది. "మా నాయన కట్టించినాడు" అని మా మేనత్త చెప్పేది. రెండేళ్లు తిరిగితే తేలిందేమంటే, ఆ నాయన, అంటే మా అబ్బ (తాత), కట్టించింది సగమే.

ముందు గోడలు చూడండి, కాగితాలు తర్వాత. పూత రాలిన చోట ఇటుకల మధ్య గోకితే బంకమట్టో, గానుగ సున్నమో, సిమెంటో తెలిసిపోతుంది. మా పడసాల (ముందు వసారా) గోడకూ వెనక కొట్టం గోడకూ మధ్య నిలువునా సందు కనిపించింది. ఇటుకలు ఒకదాన్లోకి ఒకటి దూరలేదు, అంటే రెండూ ఒకసారి కట్టినవి కావు. పడసాల మీద దూలాలు, దంతెలు, చౌడుమన్ను. కొట్టం మీద ఇనుప గర్డర్లు, నాపబండలు. కప్పును మాత్రమే చూసి వయసు తేల్చొద్దు, కారుతోందని కప్పు ఒక్కటే మార్చినవాళ్లూ ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్ (సాగు వివరాల పట్టిక), 1బీ (భూమి హక్కుదారుల పట్టిక) చూసి సర్వే నంబరు రాసుకోండి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇండెక్సుల్లో వెతికించాలి. ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో ఉంటుంది. నేను పేరుతోనే వెతికించి ఆర్నెల్లు పోగొట్టుకున్నా, మా ఇంటిపేరును అప్పటి రాతగాడు ఇంకోలా రాసినాడు మరి. రెండోదే అడగండి. పాత కాగితంలో ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి: ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ దాకా.

అసలు చిక్కు వేరే ఉంది. పొలం దస్తావేజులో ఎకరాలు, బావి, చింతచెట్లు అన్నీ రాసి ఇల్లు వదిలేస్తారు. మాదీ అంతే. అట్లాంటప్పుడు పక్క చేనివాళ్ల దస్తావేజుల్లో చెక్కుబందీ (నాలుగు దిక్కుల హద్దులు) చదవండి. హద్దుల తగాదాకొచ్చినారేమో అని వాళ్లు టెన్షన్ పడతారు, సంగతి ముందే చెప్పి, కాఫీ తాగి, ఆ తర్వాత అడగండి. మా తూర్పు చేనివాళ్ల ట్రంకుపెట్టెలో దొరికిన క్రయ దస్తావేజులో పడమటి హద్దు "ఫలానా వారి ఇటుక మిద్దె" అని ఉంది. ఆ ఫలానావారు మావాళ్లు కాదు. తారీఖు చూస్తే మా అబ్బ ఆ పొలం కొనడానికి పద్నాలుగేళ్ల ముందుది.

అత్తకు చదివి వినిపించినా. కాసేపు పలకలేదు. "కొట్టమన్నా మా నాయనదేనా?" అనింది. గోడలోని ఆ సందు ఫోటో చూపించినా.