పాత గాడ్జిల్లా సినిమాలు ఇంట్ల మంచిగ కనబడాలంటే ముందు టీవీ సెట్టింగులు, డిస్కులు తర్వాత

1954 గాడ్జిల్లా, రోడాన్, మోత్రా, గమెరా లాంటి పాత జపాన్ రాక్షస సినిమాలు చూద్దామని పెట్టుకుని, బొమ్మ ఖరాబ్ ఉందని పది నిమిషాలకే బంద్ చేసెటోళ్లు మస్తుమంది ఉన్నరు. సినిమా పాతది కదా అంతే ఉంటది అనుకుంటరు, కానీ మొత్తం తప్పు సినిమాది కాదు. కొంత ఖరాబ్ షూటింగ్ అప్పుడే నెగెటివ్‌ల పడ్డది, దాన్ని ఎవరూ ఏం చేయలేరు, చేయొద్దు కూడా. కొంత డిస్కు తయారుచేసినోళ్ల పని. ఇగ మిగిలింది మన టీవీ చేసే ఆగం, నన్నడిగితే సగానికి సగం ఇదే, పైగా దీనికి రూపాయి ఖర్చు లేదు కాబట్టి ఇక్కడ్నుంచే షురూ చేద్దాం.

నల్లగొండ ప్రకాశం బజార్ల గానీ మహబూబ్‌నగర్ల గానీ ఏ షోరూంకు పోయినా గోడకున్న టీవీలన్నీ వివిడ్ మోడ్‌లనే ఉంటయ్, ట్యూబ్‌లైట్ల కింద మెరిస్తేనే కదా మనం ఆగి చూసేది. ఇంటికి తెచ్చినంక కూడా అట్లనే వదిలేస్తం, అయిదేండ్లయినా పిక్చర్ మెనూ తెరువం. ముందు ఆ వివిడ్ తీసేసి సినిమా మోడ్ పెట్టండి, ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటే ఇంకా మంచిది. మొదట్ల బొమ్మ పసుపు పచ్చగ, డల్‌గ అనిపిస్తది, ఇంట్లోళ్లు కూడా ఏమైంది టీవీకి అని అడుగుతరు, జర ఓపిక పట్టండి, ఒక్క సినిమా చూసేలోపు కండ్లు అలవాటైతయ్. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, లేకుంటే మనుషుల చుట్టూ తెల్ల గీత గీసినట్టు కనబడతది. నాయిస్ రిడక్షన్ అని ఏ పేరుతోటి ఉన్నా ఆఫ్.

ఇగ అన్నిటికన్నా ముఖ్యమైంది మోషన్ స్మూతింగ్. ఎల్‌జీల ట్రూమోషన్ అంటరు, సోనీల మోషన్‌ఫ్లో, శాంసంగ్‌ల ఆటో మోషన్ ప్లస్, పేరు ఏదైనా పని ఒకటే: సినిమాల ఉన్న ఫ్రేములకు మధ్యల టీవీ సొంతంగ తయారుచేసిన ఫ్రేములు దూరుస్తది. ఏ సినిమాకైనా ఇది మంచిది కాదు గానీ ఈ సినిమాలకైతే ప్రాణమే తీస్తది. ఎందుకంటే స్పెషల్ ఎఫెక్ట్స్ చేసిన ఎయిజీ త్సుబురాయా ఆ రాక్షసుల షాట్లను కెమెరా ఫాస్టుగ తిప్పి తీసేది, అంటే సెకనుకు 24 కన్నా ఎక్కువ ఫ్రేములు తీసి మామూలు 24 స్పీడ్‌ల నడిపిస్తే కదలిక నెమ్మదైతది. రబ్బర్ సూట్‌ల ఉన్న మనిషి, మొదటి సినిమాల హరువో నకజిమా, అడుగేస్తే పెద్ద కొండ కదిలినట్టు కనబడేది, చిన్న బొమ్మ బిల్డింగ్ కూలితే పది అంతస్తులది కూలినట్టు అనిపించేది ఈ లెక్కతోటే. స్మూతింగ్ ఆన్ ఉంటే ఆ బరువంతా మాయమైపోయి సూటేసుకున్న మనిషి అట్టపెట్టెల మధ్య తిరుగుతున్నట్టు ఉంటది, మనమేమో గ్రాఫిక్స్ చెత్తగున్నయని నవ్వుతం. టోక్యోల ఇండ్లు కూలే సీన్ ఒకసారి ఆన్ పెట్టి, ఒకసారి ఆఫ్ పెట్టి చూడండి, నేను ఇంకేం చెప్పే పని లేదు.

తర్వాత బొమ్మ సైజు. మన ఇండ్లల్ల పెద్దోళ్లకు నల్ల పట్టీలు కనబడొద్దు, పైసలు పెట్టి 55 ఇంచులు కొన్నది సగం నలుపు చూసేందుకా అంటరు. ఎంత గులిగినా జూమ్ మాత్రం నొక్కొద్దు. 1954 గాడ్జిల్లా దాదాపు చౌకం బొమ్మ, 1.37 రేషియో, అంటే వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లే, ఇప్పటి టీవీల మీద రెండు పక్కల నల్లగ ఉండాల్సిందే, అట్ల లేదంటే సాగదీసిండ్రన్నట్టు, ముఖాలు లావుగ కనబడతయ్ చూడండి. 1957 తర్వాత ఈ గాడ్జిల్లా సినిమాలు తీసే తోహో కంపెనీ తోహోస్కోప్ అనే వెడల్పు బొమ్మకు మారింది, అది 2.35, మస్తు వెడల్పు, దానికి పైన కింద కలిపి టీవీల నాలుగో వంతు నలుపు వస్తది. మోత్రా గానీ మోత్రాతోటి గాడ్జిల్లా కొట్లాడే 1964 సినిమా గానీ టీవీ నిండుగ కనబడుతుందంటే పక్కలు కోసేసిండ్రు, పాత వీహెచ్ఎస్ క్యాసెట్ల కాలంల అట్లనే చేసేటోళ్లు. ఇద్దరు మాట్లాడుకునే సీన్‌ల ఒకరి ముక్కు ఒక్కటే ఫ్రేముల ఉంటే మీకే తెలిసిపోతది. ఇంకో రకం కూడా ఉన్నది, పాత డీవీడీలల్ల నాలుగు దిక్కుల నల్లగ ఉండి నడుమ చిన్న కిటికీల సినిమా నడుస్తది. అది చౌకం టీవీల కోసం చేసిన డిస్కు. అసలు లెక్క ఏందంటే, జపాన్, అమెరికా డీవీడీల మొత్తం 480 గీతలుంటయ్, అండ్ల నలుపు పోను వెడల్పు సినిమాకు మిగిలేది 270 దాకానే, అదే బ్లూ-రే అయితే నలుపు పోయినా 800 దాటుతయ్. ఆ 270 గీతలను పెద్ద టీవీ మీద సాగదీస్తే ఏ సెట్టింగూ కాపాడదు, డిస్కు మార్చాల్సిందే. జూమ్ నొక్కేది ఉంటే ఈ ఒక్క రకానికే.

డిస్కు గానీ ఫైల్ గానీ ఏదున్నా ముందు రన్నింగ్ టైం చూడండి, సగం జాతకం అండ్లనే ఉంటది. 1954 జపాన్ ఒరిజినల్ 96 నిమిషాలు. 80 నిమిషాలుంటే అది 1956ల అమెరికావోళ్లు కోసి, రేమండ్ బర్ అనే నటుణ్ని రిపోర్టర్ లెక్క ఇరికించిన వెర్షన్, అదొక తమాషా, చూడొచ్చు గానీ రెండోసారికి పెట్టుకోండి. 92 ఉన్నదంటే పరేషాన్ కావొద్దు, కోతలేం లేవు, అది పాల్ అనే యూరప్ టీవీ పద్ధతిల చేసిన డిస్కు, 24 ఫ్రేముల సినిమాను 25 మీద నడిపిస్తది కాబట్టి నాలుగు నిమిషాలు ముందే అయిపోతది, గాడ్జిల్లా అరుపు కూడా జర సన్నగ వినబడొచ్చు.

ఇప్పుడు అసలైన ముచ్చట. బొమ్మల గింజలు గింజలుగ కనబడేది తప్పు కాదు, అది ఫిల్మ్ గ్రెయిన్, ఫిల్మ్ మీద తీసినంక ఉండాల్సిందే. అది నచ్చక కొందరు డిజిటల్‌గ రుద్ది రుద్ది తీసేస్తరు, అప్పుడు పెళ్లి ఆల్బంల స్టూడియోవాడు అందరి ముఖాలకు పౌడర్ కొట్టినట్టు పెట్టి ఇస్తడు చూడండి, అట్ల తయారైతది. కనిపెట్టేది ఎట్లంటే దగ్గరి షాట్ ఒకటి ఆపి వెంట్రుకలు, బట్టల నేత చూడాలె, వెంట్రుకలు ఒక ముద్ద లెక్క ఉండి చర్మం మైనంలెక్క ఉంటే రుద్దిండ్రన్నట్టే. ఇది సినిమా మొత్తం ఒకే తీరుగ ఉంటది.

ఒకే తీరుగ లేకుండా మధ్యమధ్యల మాత్రమే బొమ్మ దెబ్బతింటున్నదంటే అది డిస్కు తప్పు కాదు. మనుషులు ఉరుకుతుంటే వెనక రాక్షసుడు కనబడాలంటే ఆ రోజుల్ల రెండు వేర్వేరు ఫిల్ములను ల్యాబ్‌ల ఒకదాంట్ల కలిపి మళ్లీ ప్రింట్ తీసేది. ఆ కాపీకి కాపీ తీసినప్పుడల్లా గ్రెయిన్ చిక్కబడతది, రంగు దిగుతది, గీతలు, దుమ్ము కూడా అండ్లనే అచ్చైపోతయ్. అందుకే 1954 సినిమాల గాడ్జిల్లా మొదటిసారి ద్వీపంల కొండ మీదికెళ్లి తల లేపే చోట బొమ్మ మురికిగ ఉంటది, కింద ఉరికే జనం షాట్ వచ్చేసరికి మళ్లీ తేటగైతది. ఒక సీన్ కరిగి ఇంకో సీన్‌ల కలిసే చోట కూడా ఇంతే, కరగడానికి ముందునుంచే క్వాలిటీ పడిపోతది, ఎందుకంటే ఆ షాట్ మొత్తాన్ని ల్యాబ్‌ల మళ్లీ ప్రింట్ తీసిండ్రు. డిస్కు ఎంత మంచిదైతే ఈ తేడా అంత కొట్టొచ్చినట్టు కనబడతది. 1964ల వచ్చిన మూడు తలల గిదోరా ఎగిరే సీన్లల్ల తీగలు కనబడుతున్నయని కొందరు మొత్తుకుంటరు, తీగ కనబడిందంటే డిస్కు మంచిగున్నట్టే కదా అన్నా.

1962 కింగ్ కాంగ్ వర్సెస్ గాడ్జిల్లా కథ వేరే. 1970ల పిల్లల పండుగ షోల కోసం తోహో దాన్ని కుదించి మళ్లీ విడుదల చేసింది, కోసేటప్పుడు ఏకంగ ఒరిజినల్ నెగెటివ్‌నే కోసిండ్రు. తీసేసిన ముక్కలు దొరకక ఏండ్లకేండ్లు వేరే నాసిరకం కాపీల నుంచి తెచ్చి అతికిస్తూ వచ్చిండ్రు, అందుకే పాత డిస్కుల మాట్లాడే సీన్ మధ్యల టక్కుమని బొమ్మ పాడై మళ్లీ బాగైతది. పోయిన రీళ్లు దొరికినంక 2016ల తోహో పూర్తి 4కె రీస్టోరేషన్ చేసింది. జపాన్ వెర్షన్ కొనేటప్పుడు అది ఆ రీస్టోరేషన్ నుంచి తీసిందేనా అని తప్పకుండ చూస్కోండి.

కొనుడు కాడికి వస్తే, క్రైటీరియన్ అనే అమెరికా డిస్కుల కంపెనీ 2019ల 1954 నుంచి 1975 దాకా వచ్చిన 15 గాడ్జిల్లా సినిమాలు 8 బ్లూ-రేల బాక్సు తెచ్చింది. అండ్ల చాలావరకు ముందునుంచే ఉన్న హెచ్‌డి మాస్టర్లే, అంటే డిస్కులు తీసే అసలు కాపీలే వాడిండ్రు, కాబట్టి అన్నీ ఒకే స్థాయిల ఉండవు, అయినా ఒక్క దెబ్బకు అన్నీ దొరికేది అండ్లనే. మొదటి సినిమా ఒక్కటే 4కెల 2024ల మళ్లీ తెచ్చిండ్రు. గమెరా సినిమాలు 12 కలిపి ఆరో (Arrow) అనే కంపెనీ 2020ల బాక్సు ఇచ్చింది. మీది 43 ఇంచుల టీవీ అయితే 4కె కోసం ఉరకొద్దు, మంచి బ్లూ-రే సరిపోతది.

ఆర్డర్ పెట్టే ముందు రీజియన్, అంటే ఏ దేశాల ప్లేయర్లల్ల నడిచేటట్టు డిస్కును లాక్ చేసిండ్రో చూడాలె, మనోళ్లు పైసలు పోగొట్టుకునేది ఇక్కడనే. బ్లూ-రేల అమెరికా, జపాన్ రెండూ ఎ, ఇంగ్లండ్ బి, మన ఇండియా సి. ఎ లాక్ ఉన్న డిస్కును ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్‌ల పెడితే నడవది. 4కె డిస్కులకు ఈ లాక్ లేదు, కానీ అదే డబ్బాల తోడుగ వచ్చే బ్లూ-రేకు ఉండొచ్చు. జపాన్ నుంచి నేరుగ తెప్పిస్తే చాలా డిస్కులకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్సే ఉండవు, అదీ చూస్కోండి. డల్లాస్ల ఉన్న బావ దసరాకు వస్తున్నడు, ప్లేయరే పట్టుకొస్తడు అనుకునేటోళ్లు వెనక స్టిక్కర్ ఫోటో పెట్టమనండి, 100-240 అని ఉంటే ఓకే, 120 ఒక్కటే ఉంటే మన 230 కరెంట్‌ల నేరుగ పెట్టగానే ఖతం. మిర్యాలగూడలైనా జడ్చర్లలైనా కన్వర్టర్ లేకుంటే దాన్ని ముట్టుకోవద్దు. బయట నుంచి తెప్పిస్తే కస్టమ్స్ కూడా పడొచ్చు, డిస్కు ధర ఒక్కటే చూసి మురువకండి.

ఫ్రీగ ఆన్‌లైన్‌ల దొరికేవాటి గురించి ఒక్క మాట. బ్లూ-రేల వీడియోకు సెకనుకు 40 మెగాబిట్ల దాకా ఇయ్యొచ్చు, స్ట్రీమింగ్‌ల అండ్ల చిన్న వంతే వస్తది. గ్రెయిన్‌కు అది సాలది, గోడల మీద, ఆకాశంల డబ్బాలు డబ్బాలుగ పగులుతది. రాత్రి నెట్ స్లో ఉన్నప్పుడైతే చెప్పే పనే లేదు.

సౌండ్‌కు ఎక్కువ తిప్పలు లేవు. ఈ సినిమాలు చాలావరకు మోనో, అంటే సౌండ్ అంతా ఒకటే ట్రాక్, కాబట్టి సౌండ్‌బార్‌ల సరౌండ్, త్రీడీ లాంటివన్నీ తీసేసి స్టాండర్డ్ పెట్టండి, లేకుంటే మాటలు బావిల నుంచి వచ్చినట్టు వినబడతయ్. 1954 సినిమా టైటిల్స్ మీదనే అడుగుల చప్పుడు, ఆ వెంటనే అరుపు వస్తది. ఆ అరుపు సంగీత దర్శకుడు అకిర ఇఫుకుబె తోలు గ్లౌజుతోటి పెద్ద బేస్ వాయిద్యం తీగలను గుంజి పుట్టించింది, గీరుకుపోయినట్టు ఉండుడే దాని అసలు తీరు, డిస్కు పాడైందనుకోకండి. వాల్యూం ఆ మొదటి నిమిషంలనే సెట్ చేస్కోండి, అడుగుల చప్పుడుకు సౌండ్‌బార్ పగిలినట్టు మోగితే బేస్ రెండు పాయింట్లు దించండి, మళ్లీ సినిమా అయ్యేదాకా రిమోట్ ముట్టే పని పడది.