అద్దాలు తుడిచే పని – 4వ పాఠం: గీత ఎవరిది?

పోయిన పాఠంలో స్క్రేపర్, అంటే అద్దం మీద అంటుకున్న మరకలు గీకే బ్లేడు పిడి, వాడకం చెప్పాను. అది చదివి పనికి పోయినవాళ్లలో కొందరు మాట పడి వచ్చారు. తిరుచానూరు రోడ్డులో కొత్త లాడ్జి అద్దాలు చేసిన తమ్ముడికైతే "అద్దాలన్నీ గీకి పెట్టినావు" అని ఓనరు కూలీ ఆపేశాడట. అందుకే ఈసారి చెప్పాల్సిన వైపర్ పాఠం పక్కన పెడుతున్నా. ఆ గీతలు ఎవరివల్ల పడ్డాయో ముందు తేలాలి.

అద్దం మీద దుమ్ము, సిమెంటు పాలు, పెయింటు చుక్కలు ఉన్నంతసేపూ కింద గీతలున్నా కనబడవు. మనం తుడిచాకే కనబడతాయి. కాబట్టి నింద చివర చెయ్యి పెట్టినవాడి మీదికే వస్తుంది. పుట్టీ రుద్దేవాళ్ల సాండ్‌పేపర్ తగిలితే ఫ్రేము అంచున సన్నగా, వంకరగా, గుంపుగా గీతలు పడతాయి. వెల్డింగ్ నిప్పురవ్వలు పడిన చోట గీత ఉండదు, గోటికి తగిలే చిన్న చుక్కలుంటాయి. సిమెంటు నీళ్లు కారి ఎండిపోతే తెల్లటి చారలు, ఎంత కడిగినా పోవు. మన చిత్తూరు వైపు గ్రానైట్ ఎక్కువ కదా, కిటికీ పక్కనే పెట్టి రాయి కోస్తారు, ఆ దుమ్ములో ఉండే క్వార్ట్జ్ గాజుకంటే గట్టిది. దాన్ని ఎవరో పొడిగుడ్డతో తుడిచి ఉంటే చాలు, గీతలు పడతాయి. బ్లేడు గీతలు మాత్రం మనం లాగిన దారిలోనే, నేరుగా, పక్కపక్కనే ఉంటాయి. ఇవి గుర్తుపట్టడం రాకపోతే ఓనరు ముందు మాట్లాడలేరు.

ఇక అసలు ఉచ్చు, టఫెన్డ్ గ్లాస్, అంటే కాల్చి గట్టిపరిచిన అద్దం. "అన్నా, కొత్త బ్లేడే, సబ్బునీళ్లు బాగా కొట్టినా, అయినా గీతలు పడ్డాయి" అని రాసినవాళ్లందరూ దాదాపు ఇక్కడే పడ్డారు. మామూలు అద్దాన్ని తడిపి శుభ్రమైన బ్లేడుతో గీకితే సాధారణంగా ఏమీ కాదు. టఫెన్డ్ అద్దాన్ని కోసి, అంచులు రుద్ది, కడిగి, కొలిమిలో 600 డిగ్రీలు దాటించి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. కడిగేటప్పుడు గాజుపొడి సరిగా పోకపోతే ఆ నలుసులు అక్కడే అతుక్కుపోతాయి. కంటికి కనబడవు. బ్లేడు ఆ నలుసును పెరికి, అద్దం పొడుగునా ఈడ్చుకుపోతుంది. గీసింది నలుసు, దాన్ని అక్కడ వదిలింది ఫ్యాక్టరీ, తిట్లు మాత్రం మనకు. ఇది నాకు ఎప్పుడూ మండే విషయం. బ్లేడు మార్చినా, సబ్బు పెంచినా, మెల్లగా లాగినా లాభం లేదు, నలుసులున్న అద్దం మీద బ్లేడు పెట్టకూడదు, అంతే.

ఎలా తెలుస్తుంది? మూలన ముద్ర చూడండి, ఐఎస్ 2553 (సేఫ్టీ గ్లాసుకు మన దేశపు ప్రమాణం నంబరు) అనో టఫెన్డ్ అనో ఉంటుంది. ముద్ర లేదని నమ్మొద్దు, ఫ్రేములోకి పోయి ఉండొచ్చు. కింది మూల అరచెయ్యంత తడిపి, దుమ్మంతా పోయాక వేళ్లతో నిమరండి, సాండ్‌పేపర్‌లా గరుకుగా తగిలితే అనుమానమే. ఆ మూలలోనే స్క్రేపర్ ఒక్కసారి ముందుకు తోయండి. కరకరమంటే ఆపేయండి. ఓనరును పిలిచి ఆయన వేళ్లతోనే తాకించండి. నేనైతే తడిపిన అద్దానికి పక్కనుంచి టార్చి వేసి, ఉన్న గీతలన్నీ ఫొటో తీసి, నిచ్చెన వెయ్యకముందే ఆయన వాట్సాప్‌కు పంపుతాను. తర్వాత పంపితే గొడవే.

కాగితం కూడా రాయించుకోండి: "ఇవి టఫెన్డ్ అద్దాలు, బ్లేడు వాడితే గీతలు పడవచ్చని చెప్పారు, అయినా వాడమన్నాను." సంతకం పెట్టనంటే బ్లేడు లేకుండా నానబెట్టి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో చేస్తానని, ఎక్కువ రోజులు, ఎక్కువ కూలీ అవుతుందని చెప్పండి. దానికీ ఒప్పుకోకపోతే నేను ఆ పని వదిలేస్తాను. మేస్త్రీ "నేను చూసుకుంటాలే" అన్నాడని మొదలుపెట్టకండి, బిల్లు నాటికి ఆయన ఇంకో సైట్లో ఉంటాడు.

అభ్యాసం: అద్దాల కొట్లో కొలత తప్పి పక్కన పెట్టిన టఫెన్డ్ ముక్క అడగండి, దాన్ని మళ్లీ కొయ్యలేరు కాబట్టి ఇస్తారు. ఒక మామూలు ముక్క కూడా తెచ్చుకోండి. రెండింటినీ తడిపి, కళ్లు మూసుకుని గీకి, ఏది ఏదో చప్పుడుతోనే చెప్పాలి. వరసగా ఇరవైసార్లు తప్పకుండా చెప్పేదాకా కొత్త బిల్డింగు పని ఒప్పుకోవద్దు. టఫెన్డ్ ముక్క నున్నగా ఉంటే ఇంకోటి వెతకండి, అన్నిటికీ నలుసులుండవు. వైపర్ పాఠం వచ్చేవారం.