బయాప్సీ రిపోర్టు చదవడం – 7వ పాఠం: టీటీఎఫ్-1 చూసి ఊపిరితిత్తి అనకండి

పోయిన పాఠం చివర ఇచ్చిన రిపోర్టు: గర్భాశయ ముఖద్వారం బయాప్సీ, 2.5 సెం.మీ. కణితి, స్మాల్ సెల్ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా (హార్మోన్లు తయారుచేసే కణాల్లాంటి చిన్న కణాల క్యాన్సర్), టీటీఎఫ్-1 (రంగు వేసి కణాల్లో వెతికే ఒక ప్రోటీన్) పాజిటివ్. ఎక్కువమంది "ఊపిరితిత్తి నుంచి పాకింది" అని తేల్చేశారు. మిగిలినవాళ్లు స్టేజీ ఐబీ2 (ముఖద్వారం దాటని, 2 నుంచి 4 సెం.మీ. లోపు కణితి) అని సరిగ్గానే పట్టుకుని, పక్కనే "నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ" అని రాశారు. ఈ రెండూ సరిచేయకుండా ముందుకు వెళ్లలేను. లింఫ్ గ్రంథుల పాఠం వచ్చేసారికి.

సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సీడీ56 అనే న్యూరోఎండోక్రైన్ గుర్తుల గురించి మళ్లీ చెప్పను. సీడీ56 ఒక్కటే పాజిటివ్ అయితే మాత్రం నేను నమ్మను. అది వేరే కణితులకూ పడుతుంది. క్రోమోగ్రానిన్ నెగటివ్ అని స్మాల్ సెల్‌ను కొట్టిపారేయను.

ఇక టీటీఎఫ్-1. ఊపిరితిత్తి, థైరాయిడ్‌ల గుర్తు అని చదివాం. అడినోకార్సినోమా (గ్రంథి కణాల క్యాన్సర్) విషయంలో ఆ చదువు బాగా పనికొస్తుంది. హై గ్రేడ్ (దూకుడుగా పెరిగే) న్యూరోఎండోక్రైన్ కణితుల దగ్గర పనికిరాదు. ముఖద్వారంలో పుట్టిన స్మాల్ సెల్‌లోనూ, మూత్రాశయంలో పుట్టినదానిలోనూ, ప్రోస్టేట్‌లో పుట్టినదానిలోనూ టీటీఎఫ్-1 పాజిటివ్ రావచ్చు. కణితి ఎక్కడ పుట్టిందో ఇక్కడ అది చెప్పదు.

"అయితే పీ16 చూస్తే సరి, హెచ్‌పీవీ ఉందని తేలుతుంది" అన్నవాళ్లూ ఉన్నారు. హెచ్‌పీవీ అంటే ముఖద్వారం క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్, పీ16 అంటే దాని జాడగా చూసే ప్రోటీన్. అదీ చాలదు. ముఖద్వారంలో హెచ్‌పీవీ తయారుచేసే ఈ7 ప్రోటీన్, కణాల పెరుగుదలకు కళ్లెం వేసే ఆర్‌బీని పనిచేయకుండా చేస్తుంది, దాంతో పీ16 పెరుగుతుంది. ఊపిరితిత్తి స్మాల్ సెల్‌లో వైరస్ లేకుండానే ఆర్‌బీ జన్యువు దెబ్బతింటుంది, అక్కడా పీ16 పెరుగుతుంది. దారులు వేరు, స్లైడు మీద రంగు ఒకటే.

మరి తేల్చేదేమిటి? కణితి ముక్కలోనే హెచ్‌పీవీ కోసం చేసే పరీక్ష. ముఖద్వారపు న్యూరోఎండోక్రైన్ కార్సినోమాల్లో ఎక్కువగా 18వ రకం, తర్వాత 16వ రకం దొరుకుతాయి. అదే స్లైడులో పక్కన అడినోకార్సినోమా కనిపిస్తే ముఖద్వారమే మూలమని బలంగా అనుకోవచ్చు. ఛాతీ సీటీ లేదా పెట్ స్కాన్ తప్పనిసరి. అందులో మచ్చలు కనబడినా తొందరపడకండి, ఈ క్యాన్సరే ఊపిరితిత్తులకు పాకుతుంది.

రెండో పొరపాటు ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ మాట ఆశతో ఎదురుచూసే కుటుంబానికి చేరుతుంది. మామూలు స్క్వామస్ (పైపొర కణాల) రకంలో మొదటి స్టేజీ అయితే 5 ఏళ్లు దాటేవారు 80 శాతానికి పైనే. న్యూరోఎండోక్రైన్ రకంలో, తొలి దశల్లో దొరికినా, పాత సిరీస్‌ల లెక్క 30 నుంచి 46 శాతం. ముదిరాక 14 శాతం లోపే. కణితి చిన్నగా ఉండగానే రక్తనాళాల్లోకి, లింఫ్ గ్రంథుల్లోకి చొరబడటం దీని స్వభావం. అందుకే 4 సెం.మీ. లోపు కణితిని ఆపరేషన్‌తో పూర్తిగా తీసేసినా ఎటోపొసైడ్, సిస్‌ప్లాటిన్ కీమో ఇస్తారు. ముఖద్వారం కణాలు గీరి చూసే పాప్ పరీక్షలోనూ ఇది తరచుగా తప్పించుకుంటుంది. ముఖద్వారం క్యాన్సర్లలో దీని వాటా 1–1.5 శాతమే కాబట్టి పెద్ద ట్రయల్స్ లేవు. పై అంకెలన్నీ పాత కేసుల చిన్న సిరీస్‌ల నుంచి పోగుచేసినవి. వాటితో ఒక మనిషికి గడువు చెప్పకూడదు.

నా పద్ధతి: స్టేజీ గడిని చేత్తో మూసి, ముందు కణం రకం, తర్వాత రక్తనాళాల చొరబాటు, గ్రంథులు చదువుతాను. స్టేజీ చివర.

అభ్యాసం: 41 ఏళ్ల మహిళ, ముఖద్వారంలో 1.8 సెం.మీ. లార్జ్ సెల్ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా, పక్కనే అడినోకార్సినోమా, సినాప్టోఫైసిన్ పాజిటివ్, క్రోమోగ్రానిన్ నెగటివ్, టీటీఎఫ్-1 పాజిటివ్, పీ16 పాజిటివ్, రక్తనాళాల చొరబాటు ఉంది. మూలం ఎక్కడ, ఏ రెండు పరీక్షలు ఇంకా అడగాలి, స్టేజీ ఎంత అన్నవి కారణాలతో రాయండి. తర్వాత ఆమె భర్తకు చెప్పవలసిన నాలుగు వాక్యాలు, ఒక్క శాతం కూడా వాడకుండా రాయండి.