జానెడు బొడ్డుతాడుతో హువెక్ కణాలు పెంచడం

బొడ్డుతాడులో ఒక సిర ఉంటుంది. దాని లోపలి గోడకు అతుక్కుని ఒకే ఒక పొరగా ఉండే ఎండోథీలియల్ కణాలే హువెక్‌లు. 1973లో ఎరిక్ జాఫీ బృందం కొల్లాజినేజ్ ఎంజైముతో వీటిని విడదీసి పెంచే పద్ధతిని ప్రచురించింది. బెంగళూరులో మా ల్యాబులో ఈరోజు చేసేది కూడా మూలంలో అదే.

నేను రెండేళ్లు హీలా కణాలతో (ల్యాబుల్లో ఆగకుండా పెరిగే క్యాన్సర్ కణాలు) పనిచేసి వీటి దగ్గరికొచ్చాను. హీలా మొండి ఘటం. ఆదివారం మర్చిపోయినా సోమవారానికి బతికే ఉంటుంది. మనిషి ఒంట్లోంచి నేరుగా తీసిన ప్రైమరీ కణాలకు అంత ఓపిక లేదు.

ముందు తాడు సంగతి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఆసుపత్రి గడప తొక్కొద్దు. నొప్పులు పడుతున్న మనిషి ముందు ఫారం పెట్టడం తప్పు. నెలనెలా చెకప్‌కి వచ్చినప్పుడే, ఆమెకొచ్చిన భాషలో చెప్పి అడగాలి. హిందూపురం, మడకశిర వైపు నుంచి కాన్పుకి ఇక్కడికొచ్చేవాళ్లు చాలామంది, నాదీ ఆ వైపే కాబట్టి తెలుగువాళ్లతో నేనే మాట్లాడతాను. ఒకసారి ఒక అవ్వ అడ్డం పడింది. "మావిని గుంత తీసి పూడ్చాల పాపా, నువ్వేం చేసుకుంటావు దాంతో?" అంది. "మావి నాకొద్దవ్వా, తాడు జానెడు ఇప్పించండి చాలు" అన్నాను. "జానెడే కదా, తీస్కో" అని నవ్వేసింది. అయితే అవ్వ ఒప్పుకుంటే సరిపోదు, సంతకం తల్లి పెట్టాలి.

గర్భిణిగా ఉన్నప్పుడు చేసిన హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షల్లో ఏమీ లేదని వచ్చినా, తాడుని రోగం ఉన్నదానిలాగే ముట్టుకోవాలి. గ్లవ్స్, క్లాస్ 2 క్యాబినెట్ (గాలిని వడకట్టే భద్రతా పెట్టె), అంతకుముందే వేయించుకున్న హెపటైటిస్-బి టీకా, ఈ మూడూ లేకపోతే పని మొదలుపెట్టొద్దు. మిగిలిన తాడు ముక్క పసుపు సంచిలోకే వెళ్లాలి.

పీబీఎస్ అంటే కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణం. తాడుని యాంటీబయాటిక్ కలిపిన చల్లటి పీబీఎస్‌లో వేసి ఐసు డబ్బాలో పెట్టుకుని వస్తాను. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద గంట ఇరుక్కున్నా టెన్షన్ అక్కర్లేదు, 4 డిగ్రీల్లో ఉంటే ఒక రోజు ఆగుతుంది. కానీ అదే రోజు చేస్తే దిగుబడి బాగుంటుందని నా అనుభవం.

తాడుని ముట్టుకునే ముందే టీ-25 ఫ్లాస్కులో (అడుగు 25 చదరపు సెం.మీ.) 0.1 శాతం జెలటిన్ పోసి అరగంట 37 డిగ్రీల్లో ఉంచండి. ఉత్త ప్లాస్టిక్ మీద ఈ కణాలు సరిగా అతుక్కోవు. తర్వాత తాడుకి క్లాంప్ పడిన చోట్లన్నీ కోసి పారేయండి. కోసిన కొనని చూస్తే మూడు రంధ్రాలు కనిపిస్తాయి. మందపాటి గోడతో బిగుసుకుని ఉన్న చిన్నవి రెండూ ధమనులు. వెడల్పుగా, గోడ పల్చగా ఉన్నది సిర. అందులోకి మొద్దు సూది దూర్చి దారంతో కట్టి, బయటికొచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా పీబీఎస్‌తో కడగాలి. ఆ తర్వాత మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము కొల్లాజినేజ్ కలిపిన ద్రావణం నింపి, రెండు కొనలూ బిగించి 37 డిగ్రీల్లో పది నుంచి పదిహేను నిమిషాలు ఉంచాలి. ఎక్కువ కణాలొస్తాయని అరగంట ఉంచారో, కింది పొరలోని కండర కణాలు కూడా ఊడి వచ్చేస్తాయి. తీసేముందు తాడుని వేళ్లతో మెల్లగా పిసికి, పీబీఎస్‌తో తోసి ట్యూబులోకి పట్టండి. సెంట్రిఫ్యూజ్‌లో 250 జీ వేగంలో ఐదు నిమిషాలు తిప్పి, అడుగున దిగినదాన్ని మీడియాలో (కణాలకు తిండిగా పోసే ద్రవం) కలిపి ఫ్లాస్కులో పోయండి. మొదటి రోజు అంతా ఎర్ర రక్తకణాలే కనిపిస్తాయి, భయపడకండి. మర్నాడు కడిగేస్తే పోతాయి.

ఇక మీడియా. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటి ఏడాది ఎండోథీలియల్ మీడియా పార్సిల్ ఆలస్యమైంది. ఫ్రిజ్‌లో డీఎంఈఎం అనే మామూలు మీడియా ఉంది, 10 శాతం సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే తేట) ఉంది. హీలాకి సరిపోయింది కదా అని అదే పోశాను. వారం తిరిగేసరికి హువెక్‌లు పెరగడం ఆపేసి వెడల్పుగా సాగి కూర్చున్నాయి. వాటి సందుల్లో పొడుగ్గా, కదురులా ఉండే ఫైబ్రోబ్లాస్టులు (బంధన కణజాలపు కణాలు) బారులు తీరాయి. మా నాన్న శనక్కాయ చేలో కలుపుని చూసి తిట్టినట్టు తిట్టుకున్నాను గానీ, ఎరువు వేసింది నేనే కదా! తాడులోంచి వచ్చేటప్పుడు నాలుగు ఫైబ్రోబ్లాస్టులు ఎలాగూ వస్తాయి. డీఎంఈఎం, సీరం వాటికి విందు భోజనం. మీరు పోసే మీడియానే ఏ కణం బతకాలో తేలుస్తుంది.

హువెక్‌కి కావలసింది వేరు. రెడీమేడ్ కిట్లలో సీరం 2 శాతమే ఉంటుంది, దాంతోపాటు కణాల్ని పెరగమని పురమాయించే గ్రోత్ ఫ్యాక్టర్లు వీఈజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్, ఈజీఎఫ్, ఐజీఎఫ్, ఇంకా హెపారిన్, హైడ్రోకార్టిసోన్, విటమిన్ సి వస్తాయి. డబ్బు లేని ల్యాబులో ఎం199 అనే మీడియా తీసుకుని, 20 శాతం సీరం, మిల్లీలీటరుకి 50 మైక్రోగ్రాముల ఎండోథీలియల్ గ్రోత్ సప్లిమెంట్, 100 మైక్రోగ్రాముల హెపారిన్ కలుపుకోవచ్చు. మేం చాలాకాలం దాంతోనే నెట్టుకొచ్చాం. గ్రోత్ ఫ్యాక్టర్లు కలిపాక సీసా మొత్తాన్ని రోజూ వాటర్ బాత్‌లో పెట్టొద్దు. 50 మిల్లీలీటర్ల చొప్పున పంచుకుని, ఆ రోజుకి కావలసినదే వెచ్చబెట్టుకోండి. చర్మం పైపొర కణాలు పెంచేవాళ్లకు మళ్లీ ఇంకో లెక్క. వాటికి క్యాల్షియం తక్కువున్న మీడియా కావాలి, ఎక్కువైతే విభజన మానేసి ముదిరిపోతాయి.

యాంటీబయాటిక్ మొదటి ఫ్లాస్కుకే నేను వేస్తాను. తర్వాత కూడా వేస్తూ పోతే చిన్నచిన్న ఇన్ఫెక్షన్లు అణిగి, దాక్కుని ఉంటాయి. మైకోప్లాస్మా అనే బుల్లి బాక్టీరియాకి కణకవచం లేదు కాబట్టి పెన్సిలిన్ దాన్నేమీ చేయలేదు, పైగా అదున్నా మీడియా మసకబారదు. నెలకోసారి పీసీఆర్ పరీక్ష చేయాల్సిందే. ఇంక్యుబేటర్ ట్రేలో స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్ పోయండి. ఒకసారి ఎవరో కుళాయి నీళ్లు పోశారు. తెల్లగా ఉప్పు పేరుకుంది, ఆ వానాకాలమే బూజూ పట్టింది.

రెండు రోజులకోసారి మీడియా మార్చండి. నాలుగు నుంచి ఏడు రోజుల్లో గులకరాళ్లు పరిచినట్టు కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని నిండుతాయి. 80 శాతం నిండగానే విడదీయాలి. కణాల్ని ఊడదీసే ఎంజైము ట్రిప్సిన్ 0.025 శాతం చాలు, రెండు మూడు నిమిషాల్లో గుండ్రంగా లేస్తాయి. 2 శాతం సీరం ఉన్న మీడియా ట్రిప్సిన్‌ని ఆపలేదు, సోయా ఇన్హిబిటర్ గానీ సీరం ఎక్కువున్న ద్రావణం గానీ వాడండి. కొత్త టీ-25లో లక్ష కణాలు వేస్తే సరిపోతుంది. ఒక ఫ్లాస్కుని తీసి సీడీ31 (ఎండోథీలియల్ కణాల అంచుల్లో ఉండే ప్రోటీన్) స్టెయిన్ చేసి చూసుకోండి, కణాల అంచులు వెలిగితే అవి హువెక్‌లే. ఇలా విడదీసి కొత్త ఫ్లాస్కులోకి మార్చడాన్ని పాసేజ్ అంటారు. ప్రయోగాలన్నీ ఐదో పాసేజ్ లోపు ముగించండి.

అందుకే మొదటి, రెండో పాసేజ్‌లోనే కొన్ని దాచాలి. వయల్‌కి 5 లక్షల కణాలు, మంచు కణాల్ని చీల్చకుండా 10 శాతం డీఎంఎస్‌ఓ, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లారే డబ్బాలో రాత్రంతా మైనస్ 80లో, మర్నాడు ద్రవ నైట్రోజన్‌లో. వయల్ మీద కోడ్ నంబర్ మాత్రమే రాయండి, తల్లి పేరు రాయొద్దు.

బయటికి తీసినప్పుడు 37 డిగ్రీల నీళ్లలో కందిగింజంత మంచు మిగిలేదాకా ఉంచి, జెలటిన్ పూసిన టీ-75లో 15 మిల్లీలీటర్ల వెచ్చటి మీడియాలోకి చుక్కచుక్కగా వదలండి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పొద్దు, అప్పుడే లేచిన కణాలు ఆ దెబ్బకి తట్టుకోలేవు. మర్నాడు పొద్దున మీడియా మార్చేదాకా ఇంక్యుబేటర్ తలుపు తీయొద్దు. అతుక్కున్నాయో లేదో చూడాలని చేతులు దురద పెడతాయి. అప్పుడు నేను కిందికెళ్లి టీ తాగొస్తాను.