పొద్దున నిజాం బీరువా, సాయంత్రం లాడ్ బజార్: హైదరాబాద్‌లో రెండు రోజుల బట్టల యాత్ర

హైదరాబాద్ షాపింగ్‌కి వెళ్తున్నాం అంటే మనవాళ్ళు చేసేది దాదాపు ఒకటే. పొద్దున్నే దిగడం, తిన్నగా చార్మినార్ దగ్గరికి పోయి గాజులు కొనడం, ఎండలో కాళ్ళు లాగేదాకా తిరిగి ఎక్కడో బిర్యానీ తినడం, సాయంత్రానికి ఏదో ఒక మాల్‌లో తేలడం. ఇంటికొచ్చి సంచులు విప్పితే అందులో సగం మన ఊళ్ళోనూ దొరికే సరుకే. నేనూ రెండు మూడుసార్లు ఇలాగే చేశాను. తర్వాత ఒకసారి వాన పట్టుకుని ఎటూ కదల్లేక పురానీ హవేలీలోకి దూరాను, అక్కడ ఒక బీరువా చూశాను, అప్పట్నుంచి నా లెక్క మారింది. ఈ ఊళ్ళో ముందు చూడాలి, తర్వాత కొనాలి. పొద్దున పాత బట్టల్ని కాసేపు దగ్గరగా చూసిన కన్ను సాయంత్రం బజార్లో అంత తేలిగ్గా మోసపోదు. అందుకే కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది.

అన్నిటికంటే ముందు ఒక మాట, శుక్రవారం మాత్రం పెట్టుకోకండి. పురానీ హవేలీలో ఉన్న నిజాం మ్యూజియం, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, ఈ మూడిటికీ శుక్రవారమే సెలవు. ఇది తెలియక ఊరవతల నుంచి ఆటో కట్టించుకుని వచ్చి గేటు ముందు ఫొటో దిగి పోయేవాళ్ళని చాలామందిని చూశాను. ఆదివారం తెరిచే ఉంటాయి గానీ జనం తోసుకుంటూ ఉంటారు. మంగళవారమో బుధవారమో వీలైతే హాయి.

చార్మినార్ దాకా మెట్రో లేదు. ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకోండి, నయాపూల్ దాటితే పాతబస్తీలో పడ్డట్టే. సొంత కారు మాత్రం తీసుకెళ్ళకండి. పార్కింగ్ వెతుక్కోవడంతోనే ఓపిక మొత్తం అయిపోతుంది, ఇక షాపింగ్ ఏం చేస్తారు.

మొదట పురానీ హవేలీకి, తెరిచే వేళకి చేరేలా చూసుకోండి. మీర్ ఆలం మండీ కూరగాయల మార్కెట్ దగ్గర్లో ఉంటుంది, ఆటోవాళ్ళకి ఆ పేరు చెప్తే చాలు. ఇక్కడ చూడాల్సింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బీరువా. ఆయన రెండేళ్ళ వయసులో గద్దెనెక్కి 1911లో చనిపోయేదాకా నవాబుగా ఉన్నాడు. బీరువా అంటే మన ఇంట్లో ఇనప బీరువా ఊహించుకోకండి. భవనంలో ఒక వైపు మొత్తం, ఈ చివర నుంచి ఆ చివర దాకా, రెండంతస్తుల్లో చెక్క అల్మరాలే. మధ్యలో నడుచుకుంటూ పోవాలి. పై అంతస్తుకి వెళ్ళడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు కూడా ఉంది. ఒకసారి వేసిన బట్ట మళ్ళీ వేసేవాడు కాదని ఆయన గురించి చెప్పుకుంటారు. అది ఎంత నిజమో గానీ ఆ అల్మరాల మధ్య నిలబడితే నమ్మబుద్ధేస్తుంది. జాకబ్ వజ్రం కథ కూడా ఈయనదే. 184 క్యారెట్లు దాటిన ఆ వజ్రం ఆయన పోయాక పాత చెప్పు ముందు భాగంలో దొరికిందట, ఏడో నిజాం దాన్ని టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాడట. ఈ ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తండ్రికి పూర్తిగా వ్యతిరేకం, ఒకే టోపీని ఏళ్ళ తరబడి పెట్టుకున్నాడని అంటారు. తండ్రి బీరువా ఉన్న చోటే ఆ కొడుకు సిల్వర్ జూబ్లీకి వచ్చిన కానుకలు కూడా పెట్టారు. ఇదంతా గంటలో చూసేయొచ్చు.

అక్కడి నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. దాన్ని పూర్తిగా చూడాలంటే రోజు చాలదు, అందుకని ఈ ట్రిప్పులో ఆశ పెట్టుకోకుండా బట్టల గ్యాలరీ, కశ్మీరీ శాలువలు మాత్రం చూడండి, మేలిముసుగు రెబెక్కా బొమ్మ ముందు కూడా రెండు నిమిషాలు ఆగండి. పాలరాతిలో పల్చటి బట్టని చెక్కడం అంటే ఏంటో అక్కడ తెలుస్తుంది. ఒక చిన్న కిటుకు. మధ్యాహ్నం పన్నెండు కొట్టే వేళకి జనమంతా సంగీత గడియారం దగ్గర పోగవుతారు, అప్పుడు మిగతా గదులు ఖాళీగా ఉంటాయి. గడియారం ఒంటిగంటకి కూడా కొడుతుంది, కాకపోతే ఒక్కసారే.

భోజనం అయ్యాక చౌమహల్లా. షాండ్లియర్లు, పాత కార్లు అందరూ చూస్తారు, నేను చెప్పేది నిజాం కుటుంబం దుస్తులు పెట్టిన గదుల గురించి. ఇక్కడ తొందరపడకండి. ఖడా దుపట్టా చూస్తే ఆగండి. హైదరాబాదీ ముస్లిం పెళ్ళికూతురి దుస్తులు అవి. చూడీదార్, కుర్తా, వాటి మీద ఆరు గజాల దుపట్టా, అంటే మన చీరంత పొడుగు బట్టని కుచ్చిళ్ళు పెట్టి భుజాల మీదుగా నిలబెడతారు. ఇవాళ లాడ్ బజార్లో పెళ్ళి బట్టల షాపుల బయట బొమ్మలకి తొడిగి ఉండేది ఇదే. పొద్దున దీన్ని చూడకుండా అక్కడికి పోతే అది మీకు మామూలు లెహంగాలాగే కనపడుతుంది.

ఇంకో రెండు పేర్లు కూడా తెలుసుకుని ఉంచుకోండి, హిమ్రూ, మష్రూ. రెండూ పట్టూ నూలూ కలిపి నేసేవే. మష్రూలో తెలివి ఏంటంటే, పైకి పట్టు మెరుస్తుంది, ఒంటికి తగిలే వైపు మాత్రం నూలు ఉంటుంది. మగవాళ్ళు పట్టు ఒంటికి తగిలేలా వేసుకోకూడదన్న మత నియమం ఉంది కదా, దాన్ని దాటకుండానే పట్టు సోకు చేసుకోవడానికి ఈ దారి కనిపెట్టారు. మండే ఎండల్లో చెమటకి కూడా ఇదే మేలు, అది వేరే సంగతి.

పాత జరీని ఎక్కడ చూసినా ఒకటి గమనించండి, అసలు వెండి జరీ ఏళ్ళు గడిచేకొద్దీ నల్లబడుతుంది. ప్లాస్టిక్ జరీ నల్లబడదు, పొరలు లేస్తుంది. "వందేళ్ళ నాటి జరీ, చూడండి ఎలా మెరుస్తోందో" అని సాయంత్రం ఎవరైనా పాత అంచు ముక్క అమ్మజూపితే ఇది గుర్తు తెచ్చుకోండి.

నాలుగున్నర, ఐదు మధ్య బయటపడి చార్మినార్ దగ్గర ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. ఇక లాడ్ బజార్. చార్మినార్ నుంచి పడమటి వైపు పోయే వీధే. 1591లో చార్మినార్ కట్టారు, బజారు కూడా దాదాపు అంత పాతదే అంటారు. ఇక్కడి లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా చోటి సరుకే అన్న అధికారిక ముద్ర, వచ్చింది. షాపుల్లో మెరిసే గాజులన్నీ లక్కవి కావు, గాజువి, మెటల్‌వి, ప్లాస్టిక్‌వి అన్నీ కలిసే ఉంటాయి. "లక్కవి చూపించు భయ్యా" అని అడిగి తీయించుకోండి. చేత్తో పట్టుకుంటే లక్కకి ఒక బరువు ఉంటుంది, లోపలి అంచు మరీ మిషన్‌లో తీసినట్టు నున్నగా ఉండదు.

కొనేముందు గాజులు చేసేచోటు ఒకటి చూడండి, అడిగితే చాలామంది కాదనరు. బొగ్గుల కుంపటి మీద లక్క ముద్దని మెత్తబెట్టి, రంగు కలిపి, పుల్లలాగా సాగదీసి, చుట్టి గుండ్రంగా అతుకుతారు. ఇంకా వేడిగా ఉండగానే ఒక్కో రాయిని వేలికొసతో అద్దుతూ పోతారు. చల్లారితే రాయి కూర్చోదు, మరీ వేడిగా ఉంటే మునిగిపోతుంది. ఒకావిడ మాతో మాట్లాడుతూనే, గాజు వైపు సరిగా చూడకుండానే, వరస తప్పకుండా అద్దుకుంటూ పోయింది. ఆవిడ చూపుడు వేలి చివర తోలు గట్టిపడి పసుపుగా ఉంది. అది చూశాక బేరంలో చివరి ఇరవై రూపాయల కోసం నా నోరు లేవలేదు.

సైజు విషయానికొస్తే, మనం టూ ఫోర్, టూ సిక్స్ అంటాం కదా, అది రెండు అంగుళాల మీద పదహారో వంతుల లెక్క. టూ ఫోర్ అంటే రెండుంబావు అంగుళాల లోపలి వెడల్పు. లక్క గాజు సాగదు, వంగదు. ఇంట్లో అక్కకో వదినకో కొంటుంటే "నా సైజే ఉంటుందిలే" అనుకోకుండా వాళ్ళ పాత గాజు ఒకటి బ్యాగులో వేసుకురండి. చీరకి మ్యాచింగ్ కావాలంటే బ్లౌజు ముక్క తెచ్చుకోండి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే రంగు తేడా పడుతుంది. బజార్లో లైట్ల వెలుగుకి మెరూన్ ఎరుపులా, నేవీ బ్లూ నలుపులా కనపడతాయి, కాబట్టి రంగు ముఖ్యమైతే చీకటి పడకముందే ఎంచుకోండి. ప్రతి రాయినీ బొటనవేలితో ఒకసారి రాసి చూడండి, కదిలేది ఉంటే జత మార్చమనండి.

బేరం తప్పదు. వాళ్ళు చెప్పిన దాంట్లో సగం దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి రండి, "ఆఖరీ బోలో" అనండి, కుదరకపోతే నవ్వుతూ నాలుగడుగులు వేయండి, పిలిస్తే పిలుస్తారు. హిందీ రాకపోయినా ఇబ్బంది లేదు, షాపువాళ్ళలో చాలామందికి తెలుగు వచ్చు. మీలో మీరు "ఇది బాగుంది, ఎంతైనా తీసుకుందాం" అని తెలుగులో గుసగుసలాడితే ధర అక్కడే ఆగిపోతుంది!

ముత్యాలకి పత్తర్‌గట్టీ. 1908 మూసీ వరద తర్వాత ఊరు బాగు చేసే పనిలో కట్టిన రాతి కమాన్ల వరస అది, కొనకపోయినా ఒకసారి తలెత్తి చూడండి. హైదరాబాద్ ముత్యం అంటాం గానీ ఇక్కడ సముద్రం లేదు కదా, ఈ ఊరి పేరంతా ముత్యానికి బెజ్జం వేయడం, శుభ్రం చేసి మెరుగు పెట్టడం, గుచ్చడం, వ్యాపారం చేయడంలో వచ్చింది. పూర్వం గల్ఫ్‌లోని బస్రా వైపు నుంచి వచ్చేవి, ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా కనపడేవి చైనా మంచినీటి ముత్యాలు. అందులో తప్పేం లేదు, అవీ నిజమైన ముత్యాలే, బస్రా అని చెప్పి బస్రా ధర అడిగితేనే తప్పు. రెండు ముత్యాలని ఒకదానికొకటి మెల్లగా రాస్తే సన్న ఇసుకలా గరగరలాడాలి, జారిపోతే గాజో ప్లాస్టిక్కో. బిల్లు అడిగి తీసుకోండి. బంగారంలో గుచ్చింది కొంటే బంగారం మీద హాల్‌మార్క్ నంబరు చూసుకోండి.

ఇక మగ్గం వర్క్ బ్లౌజు ఈ రెండు రోజుల్లో కుట్టించుకుందాం అనుకుంటే వదిలేయండి. మంచి పని అయితే రోజులు పడుతుంది, "రేపు సాయంత్రానికల్లా ఇస్తాం మేడమ్" అన్న చోట గమ్ముతో అతికించిన రాళ్ళే వస్తాయి.

రెండో రోజు పోచంపల్లి. భూదాన్ పోచంపల్లి హైదరాబాద్‌కి సుమారు యాభై కిలోమీటర్లు, విజయవాడ హైవే నుంచి లోపలికి వెళ్ళాలి. అటు నుంచి కారులో వచ్చేవాళ్ళు తిరుగు ప్రయాణంలో పెట్టుకుంటే ఇంకా నయం. 1951లో వినోబా భావే భూదానం మొదలైన ఊరు ఇదే. ఇక్కత్ అనే ఇక్కడి నేత బట్టే అసలు ఆకర్షణ అనుకోండి, జీఐ గుర్తింపు ముందే వచ్చిన మన బట్టల్లో ఇదొకటి. నేను ఇక్కడికి ఎందుకు పొమ్మంటున్నానంటే, అంతకు ముందు సిటీలో ఒక షాపులో పోచంపల్లి దుపట్టా అని కొన్నాను, బిల్లు మీద కూడా అలాగే రాశారు, ఇంటికొచ్చి తిరగేస్తే వెనక వైపు తెల్లగా పాలిపోయి ఉంది. ప్రింటు. తప్పు నాదే, తిరగేసి చూడనిది నేనే.

ఇక్కత్ పోల్చుకోవడం నిజానికి తేలిక. ఇక్కడ నేసిన తర్వాత రంగు వేయరు. నేయకముందే నూలుని కట్టలు కట్టి, రంగు తగలకూడని చోట రబ్బరు ముక్కలతో బిగించి ముంచుతారు, ఇంకో రంగు కావాలంటే విప్పి మళ్ళీ కడతారు. అందుకని డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కొద్దిగా చెదిరినట్టు, తడి కాగితం మీద సిరా పాకినట్టు ఉంటాయి. అంచులు బ్లేడుతో కోసినట్టు నిక్కచ్చిగా ఉంటే అనుమానించండి. పడుగు (నిలువు దారం), పేక (అడ్డ దారం) రెండిటికీ ఇలా రంగు కడితే డబుల్ ఇక్కత్, దానికి ధర ఎక్కువ, ఉండాలి కూడా.

ఊళ్ళో ఏ వీధిలోకి పోయినా మగ్గం చప్పుడు వినపడుతుంది. షాపులో కూర్చోకముందు ఒక ఇంటి గడప దగ్గర ఆగి "అన్నా, ఒకసారి చూడొచ్చా" అనండి. ఆసు పోయడం చూపించమనండి. అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం మీద దారాన్ని అటూ ఇటూ తిప్పే పని, పూర్వం ఆడవాళ్ళు చేత్తో చేసేవాళ్ళు, ఒక్క చీరకి వేల సార్లు చెయ్యి తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం దానికి లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. అడిగితే చాలా ఇళ్ళలో ఆ కథ వాళ్ళే చెప్తారు, చెప్తూ చెప్తూ చాయ్ కూడా ఇస్తారు.

కొనేటప్పుడు పట్టుకి సిల్క్ మార్క్ లేబుల్ ఉందేమో చూడండి. తేలియా రుమాల్ అనే చదరపు ఇక్కత్ గుడ్డ కనపడితే వదలకండి, దగ్గర్లోని పుట్టపాక వాళ్ళ పని అది. నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి చేస్తారు, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో ఉంటుంది. నేతగాళ్ళ దగ్గర మాత్రం లాడ్ బజార్ బేరం ఆడకండి. రెండు చీరలు తీసుకుంటున్నాం, కొంచెం చూడండి అంటే వాళ్ళే తగ్గిస్తారు.

సమయం మిగిలితే శిల్పారామం, ప్రభుత్వం నడిపే గోల్కొండ హస్తకళల షోరూమ్‌లు ఉన్నాయి. బేరం అలవాటు లేనివాళ్ళకి ఆ షోరూమ్‌లే నయం, మిగతా షోరూమ్‌ల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏం లేదు.

తిరుగు ప్రయాణంలో గాజులు చేతి సంచిలోనే పెట్టుకోండి. మే నెలలో ఒకసారి మా కారు వెనక అద్దం దగ్గర పెట్టి భోజనానికి దిగాం, వచ్చి చూస్తే ఎండకి లక్క మెత్తబడి డజను గాజుల్లో నాలుగు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే రాళ్ళు ఊడొచ్చాయి. ఆ నాలుగూ ఇప్పుడు మా పాప బొమ్మల పెట్టెలో ఉన్నాయి.