పాత పక్షుల ఫీల్డ్ గైడ్ (బొమ్మలు చూసి పక్షిని గుర్తుపట్టే పుస్తకం) చేతిలో ఉండగా కొత్త ఎడిషన్ కొనాలా? అరగంటలో తేల్చుకునే పద్ధతి

కొత్త ఎడిషన్ అట్ట మీద జాతుల సంఖ్య పెద్దక్షరాల్లో ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి. ఏళ్ల తరబడి పక్షులు చూస్తున్నవాళ్లకు పాలపిట్ట బొమ్మ ఎలా ఉన్నా ఒకటే. చిక్కంతా ఒకదాన్నొకటి పోలి ఉండే ఉల్లంకులు (పొడుగు ముక్కు నీటి పిట్టలు), గల్స్ (సముద్రపు పక్షులు), లీఫ్ వార్బ్లర్లు (ఆకుల్లో తిరిగే చిన్న పిట్టలు), ఈడు రాని గద్దల దగ్గరే.

మీ నోట్సు తిరగేసి, ప్రశ్నార్థకాలు ఎక్కువ పడ్డ ఆరు జాతులు రాసుకోండి. రెండు ఎడిషన్లూ పక్కపక్కన పెట్టి ఆ పేజీలే తెరవండి.

మామూలు ఉల్లంకి, పిన్‌టెయిల్ ఉల్లంకి సంగతే చూడండి. నేల మీద ఉంటే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎగిరితే మామూలు ఉల్లంకి రెక్క వెనకంచున తెల్లటి పట్టీ తెలుస్తుంది. పిన్‌టెయిల్‌కు అది ఉండీ లేనట్టుంటుంది, రెక్క అడుగు ముదురుగా ఉంటుంది, కాలివేళ్లు తోకను దాటి ఎక్కువ బయటికొస్తాయి. కాబట్టి ఎగిరే భంగిమ పైనుంచీ కిందనుంచీ గీశారో లేదో చూడండి. కూర్చున్న బొమ్మలు ఎన్ని కలిపినా ఇక్కడ లాభం లేదు.

తర్వాత గ్రీనిష్ వార్బ్లర్ (ఓ లీఫ్ వార్బ్లర్) పేజీ. దీని రెక్క మీది సన్నటి లేత చార ఈకలు అరిగేకొద్దీ మాసిపోతుంది. కొత్త ఈకల బొమ్మ ఒక్కటే వేసిన గైడ్‌ని నమ్మితే, చార కనబడలేదని ఇంకో పేరు రాసేస్తాం. అరిగిన ఈకల పక్షిని కూడా గీసిన ఎడిషన్ దొరికితే ఆ ఒక్క బొమ్మ కోసమే కొనొచ్చు. పాత బొమ్మల్నే చిన్నవి చేసి పేజీలో ఇరికించారా అన్నదీ ఇక్కడే బయటపడుతుంది.

రంగులు పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చూడండి. మీకు బాగా తెలిసిన ఆడ పిచ్చుక చాలు: దాని గోధుమరంగు ఎర్రబారితే మిగతా పేజీల్లోనూ అనుమానమే. 2014లో సిబ్లీ గైడ్ (అమెరికాలో పేరున్న పక్షుల గైడ్) రెండో ఎడిషన్ మొదటి ముద్రణలో రంగులు మరీ ముదిరిపోయాయి, తర్వాతి ముద్రణలో సరిచేశారు. అందుకే ఎడిషన్‌తో పాటు ఎన్నో ముద్రణో కూడా చూసుకోవాలి.

పేర్లు, పేజీల వరుస దగ్గర అసలు తలనొప్పి మొదలవుతుంది. డీఎన్ఏ అధ్యయనాల తర్వాత, గద్దల్లా వేటాడే ఫాల్కన్లు పుస్తకాల వరుసలో గద్దల పక్కనుంచి లేచి చిలుకల దగ్గరికి చేరాయి. అలవాటైన చెయ్యి పాత చోటే తెరుస్తుంది, ఈలోగా పిట్ట ఎగిరిపోతుంది. వారం పాటు పేజీ అంచులకు రంగు చీటీలు అంటించుకోండి. జాతుల పేర్లకు గైడ్ ఏ పక్షుల జాబితాని, ఏ సంవత్సరానిది అనుసరించిందో ముందుమాటలో ఉంటుంది. 2024లో అమెరికా జాబితా రెడ్‌పోల్స్‌ని (పిచ్చుకంత చిన్న పిట్టలు) ఒకే జాతిగా కలిపేసింది. 2025లో ప్రపంచ పక్షులన్నిటికీ ఒకే జాబితాగా అవిలిస్ట్ తొలి జాబితా వచ్చింది. మీరు చూసిన పక్షుల్ని నమోదు చేసే యాప్ ఒక జాబితా, పుస్తకం ఇంకో జాబితా పాటిస్తే లెక్క కుదరదు.

పాత నోట్సుని శాస్త్రీయ నామం పట్టుకుని కొత్త పేర్లలోకి ఎక్కించండి. ప్రజాతి (శాస్త్రీయ నామంలో మొదటి పదం) మారినా రెండో పదం సాధారణంగా నిలబడుతుంది, ఒక్కోసారి దాని చివరి అక్షరాలే మారతాయి. ఒక జాతి రెండుగా చీలితే, చూసిన చోటుని మ్యాపులో సరిచూసి ఏదో ఒకటి తేల్చండి. రెండూ తిరిగే ప్రాంతమైతే ఊహించి రాయకుండా పాత పేరే ఉంచండి. గైడ్ పేజీల్లో రాసేది పెన్సిల్‌తోనే: నున్నటి కాగితం మీద జెల్ పెన్ను అలుక్కుపోతుంది.

కొత్తది బరువెక్కువైతే ఇంట్లో ఉంచి, సంచిలో పాతదే పెట్టుకెళ్లండి. మారిన ఆ ఆరు పేజీల్ని ఫోన్‌లో ఫొటో తీసుకుంటే సరిపోతుంది.